అప్పు, రాయితీ, మన పల్లె వ్యాపారము

(శతాబ్ది ఉత్సవముల సందర్భముగా గ్రామ సంఘముల పెద్దలు, స్త్రీల సమాజ సభ్యులు కూడిన కూటములో ఒక పాస్టరుగారు చేసిన ప్రసంగ పాఠము)



గ్రామములలో చిన్న వ్యాపారము పెట్టుకొనువారికి ప్రభుత్వము ఇచ్చు ప్రోత్సాహకములను గూర్చి, చిన్న రుణములను గూర్చి మాట్లాడవలెనని నాకు కబురు వచ్చినది. ఈ అంశమునకు పాస్టరెందుకని నేనే అడిగితిని. బ్యాంకు మేనేజరుగారిని గాని, మండల పరిషత్తు అధికారిని గాని పిలువవచ్చును గదా అంటిని. దానికి కార్యదర్శిగారు, "అయ్యా, అప్పు ఇచ్చేవరకు జరిగేది వారికి తెలుసు. తెచ్చుకున్న తరువాత ఇంట్లో జరిగేది మీకు తెలుసు" అన్నారు. ఆ మాటకు నాయొద్ద జవాబు లేకపోయినది. అందుచేత ఈ రోజు మీ ముందు నిలబడవలసివచ్చినది.

మా పాస్టరేటులోని తొమ్మిది గ్రామములలో ఎవరైనను కాగితములు పట్టుకొని నాయొద్దకు వచ్చినప్పుడు అడుగు మొదటి ప్రశ్న ఒక్కటే. "అయ్యగారండీ, సబ్సిడీ ఎంత వస్తదండీ?" వాయిదా ఎంత అని మొదట అడిగినవారిని ఇన్ని సంవత్సరములలో నేను ఇద్దరినో ముగ్గురినో చూచితిని. ఆ అడిగినవారి దుకాణములు ఇప్పటికిని తెరచియే ఉన్నవి. నేను చెప్పదలచినదంతయు ఈ రెండు ప్రశ్నల మధ్యనే ఉన్నది.

నా చిన్నతనము సంగతి ముందు చెప్పెదను. 1980ల చివరి సంవత్సరములలో మా పల్లెకు గేదెల లోను వచ్చినది. సమగ్ర గ్రామీణాభివృద్ధి పథకము 1978లో కొన్ని బ్లాకులలో ఆరంభమై, 1980 అక్టోబరు 2 నుండి దేశములోని బ్లాకులన్నిటికి వచ్చినది. అందులో చిన్న రైతుకు నాలుగవవంతు, సన్నకారు రైతుకును, వ్యవసాయ కూలీకిని, చేతివృత్తులవారికిని మూడవవంతు, షెడ్యూల్డు తెగలవారికి సగము సబ్సిడీ. మిగిలినది బ్యాంకు అప్పు. ఉద్దేశము మంచిదే. కాని మా పల్లెలో అయిదు ఇండ్లకు అయిదు గేదెలు మంజూరైతే, ఏడాది తిరిగేసరికి మిగిలినది ఒక్క గేదె. తనిఖీకి జీపు వచ్చిన రోజున ఆ ఒక్కదానినే ఒక దొడ్డి నుండి ఇంకొక దొడ్డికి వెనుక సందులో తోలుకొనిపోవువారు. పిల్లలము మేము దాని వెంట పరుగెత్తెడివారము. మాకు అది తిరునాళ్ల వంటిది.

ఇప్పుడు ఈ కథ చెప్పి నవ్వించుట సులువు. మీరు నవ్వుచున్నారు కూడ. అయితే ఆ నాలుగు గేదెలు ఎందుకు అమ్ముడుపోయినవో మా నాయనగారు నాకు తరువాత చెప్పిరి. ఆయన బడిపంతులు, ఆదివారము సంఘమును నడిపించువారు. పల్లెలో ఎవరికిని పొలము లేదు, కాబట్టి గడ్డి కొనవలెను. పాలు పోయు కేంద్రము నాలుగు మైళ్ల దూరము. గేదె వట్టిపోయిన నెలలలో కూడ వాయిదా మాత్రము వచ్చుచునేయుండును. ఇచ్చినవారు గేదెను లెక్కించిరి గాని గడ్డిని లెక్కించలేదు. తీసికొన్నవారు సబ్సిడీని లెక్కించిరి గాని వట్టిపోవు నెలలను లెక్కించలేదు. అందరును దొంగలనుట న్యాయము కాదు. ఆ పథకము 1999 ఏప్రిలులో స్వర్ణజయంతి గ్రామ స్వరోజ్‌గార్ యోజనలో కలిసిపోయినది. అదియు 2011లో జాతీయ గ్రామీణ జీవనోపాధుల మిషనుగా మారినది. పేర్లు మారినవి. మొదటి ప్రశ్న మారలేదు.

పేదవానికి ఊరిలోనే చిన్న అప్పు దొరకవలెనన్న ఆలోచన ఈనాటిది కాదు. జర్మనీ దేశములో రైఫైజన్ అనునాయన ఉండెను. ఆయన బ్యాంకరు కాడు, వర్తకుడు కాడు. వైయర్‌బుష్ అను చిన్న ప్రాంతమునకు పురపాలకాధికారి. మన భాషలో స్థానిక ప్రభుత్వపు మనిషి అన్నమాట. 1846-47 చలికాలములో అక్కడ కరవు వచ్చినప్పుడు కలిగినవారియొద్ద డబ్బు కూర్చి, ధాన్యము కొని, ఊరుమ్మడి పొయ్యి కట్టించి, రొట్టెలను పేదలకు అరువుమీద ఇప్పించెను. తరువాత కాలములో ఆయనకు ఒక సంగతి బోధపడినది. ధనవంతుల దయమీద నడిచే సంఘము ఆ దయ ఉన్నంతకాలమే నిలుచును. అందుచేత 1864లో హెడెస్‌డార్ఫులో అప్పు తీసికొనువారే సభ్యులుగా ఉండు రుణ సంఘమును స్థాపించెను. ఒకరి బాకీకి అందరు బాధ్యులు. పరిధి ఒక ఊరికి మించదు. ఎవని ఎద్దు బలమైనదో, ఎవని చేయి దుబారాయో పొరుగువానికి తెలియును గదా!

దీనికిని మనకును సంబంధమున్నది. ఫ్రెడరిక్ నికల్సన్ అను అధికారి మద్రాసు ప్రభుత్వము పంపగా ఐరోపా వెళ్లి ఈ పద్ధతులను చూచి 1895లోను 1897లోను నివేదికలు సమర్పించెను. రైఫైజన్ మార్గమే మన పల్లెలకు తగినదని ఆయన గట్టిగా చెప్పెను. అప్పుడు మన కోస్తా, రాయలసీమ జిల్లాలన్నియు మద్రాసు రాజధానిలోనివే. 1904లో సహకార పరపతి సంఘముల చట్టము వచ్చినది. మీ ఊరి సొసైటీ కొట్టు గోడమీద పాతబడిన బోర్డు వెనుక ఇంత చరిత్ర ఉన్నది.

ఇక మన స్త్రీల సంగతికి వచ్చెదను. 1982లో డ్వాక్రా పథకము వచ్చినది. 1992లో నాబార్డు స్వయం సహాయక సంఘములను బ్యాంకులతో కలుపు పని మొదలుపెట్టినది. పథకము పేరు తరువాత మారినను మనవారి నోట నేటికిని "డ్వాక్రా గ్రూపు" అనే మాటయే నిలిచినది. 2004లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము పావలా వడ్డీ ప్రకటించినది. నూటికి నెలకు పావలా, అనగా సంవత్సరమునకు మూడు రూపాయలు. బ్యాంకు తీసికొను వడ్డీలో అంతకు మించిన భాగమును, వాయిదాలు సకాలములో కట్టిన సంఘములకు ప్రభుత్వము తిరిగి జమచేసెడిది. 2012 నుండి ఆ పావలా కూడ లేకుండ వడ్డీలేని రుణముల పద్ధతి వచ్చినది.

ఇక్కడ ఒక్క నిమిషము ఆగవలెను. గేదెల లోనులో సబ్సిడీ తీసికొన్నప్పుడే వచ్చినది. పావలా వడ్డీ రాయితీ కట్టిన తరువాత వచ్చినది. రెండును ప్రభుత్వపు సొమ్మే. మొదటిది తీసికొనువానిని పిలిచినది, రెండవది కట్టువానిని పిలిచినది. మొదటిది గేదెను దొడ్డి దొడ్డికి తిప్పినది. రెండవది మా సంఘములోని అక్షరము రాని ఆడవారిచేత పుస్తకములు వ్రాయించి, బ్యాంకు మెట్లు ఎక్కించి, మేనేజరు ఎదుట కుర్చీలో కూర్చుండబెట్టినది. ఆ రాయితీ సొమ్ము బ్యాంకులో పడుట ఆలస్యమైన కాలములు కూడ ఉన్నవి, అందుకు మన ఆడవారు పడిన విసుగు నాకు తెలియును. అయినను ప్రోత్సాహకము ఇచ్చుటలో ఏది తెలివైన పద్ధతి అని ఎవరైనను నన్ను అడిగినయెడల నేను రెండవదే అందును.

2010వ సంవత్సరమును మరచిపోలేము. అప్పటికి నేను వేదాంత కళాశాల విడిచి గ్రామ సంఘములకు వచ్చి ఎంతో కాలము కాలేదు. మా సంఘములో ఒక ఇంటి గోడకు మేకు కొట్టి నాలుగు అట్టలు వ్రేలాడదీసిరి. నాలుగు సూక్ష్మ రుణ కంపెనీల అట్టలు. సోమవారము ఒకరికి, బుధవారము ఒకరికి, శుక్రవారము ఇద్దరికి కట్టవలెను. మొదటి అప్పు కుట్టు మిషనుకు తెచ్చిరి. ఆ మిషను నిజముగానే నడిచినది. రెండవ అప్పు భర్తకు జ్వరము వచ్చి తెచ్చినది. మూడవది ఆ రెండిటి వాయిదాలకు. నాలుగవది దేనికో ఆ సహోదరి నాకు చెప్పలేదు, నేనును అడుగలేదు. ఒక ఆదివారము వారు ఆరాధనకు రాలేదు. ఇంటికి వెళ్లి చూచితిని. తాళము వేసియున్నది. హైదరాబాదులో కట్టడపు పనికి పోయిరని పొరుగువారు చెప్పిరి. వారి పాప సండే స్కూలు పుస్తకము నేటికిని మా బీరువాలో ఉన్నది.

ఆ సంవత్సరము అక్టోబరు 15న ఆర్డినెన్సు వచ్చి, తరువాత చట్టమైనది. కంపెనీలు జిల్లాలో నమోదు చేసికొనవలెను, వసూలు గ్రామ పంచాయతీ కార్యాలయమువద్ద గాని కలెక్టరు చూపిన బహిరంగ స్థలములో గాని జరుగవలెను, వడ్డీ అసలును మించరాదు అని అందులో ఉన్నది. ఇంటి గుమ్మము ముందు నిలబడి అరచుట ఆగినది. దానితోపాటు చాలచోట్ల వాయిదాలు కట్టుటయు ఆగినది, కంపెనీలు క్రొత్త అప్పులు మానినవి. అవసరము మాత్రము ఆగలేదు. మా గ్రామములలో పాత వడ్డీ వ్యాపారి పది రూపాయల వడ్డీతో తిరిగి అరుగుమీదికి వచ్చెను. అంతకు ముందు తలుపు కొట్టినవాని నుండి చట్టము కాపాడినది గాని, ఆ తరువాత కొట్టినవాని నుండి కాపాడలేదు. 2022లో రిజర్వు బ్యాంకు ఒక నియమము పెట్టినది. తక్కువ రాబడి గల కుటుంబమునకు అప్పు ఇచ్చునప్పుడు, ఆ ఇంటి వాయిదాలన్నియు కలిపి నెల రాబడిలో సగము మించరాదని. సగము కూడ కూలి ఇంటికి ఎక్కువేనని నా అభిప్రాయము. పావువంతు దాటినచోట పిల్లల బడి మానిపించుట నేను చూచితిని.

వడ్డీని గూర్చి ఒక లెక్క చెప్పి ముందుకు పోయెదను. యాబది వేలు అప్పు, సంవత్సరములో పన్నెండు వాయిదాలు, "రూపాయి వడ్డీయే అమ్మా" అని ఏజెంటు చెప్పును. మొత్తము యాబది వేలమీద సంవత్సరమంతయు వడ్డీ వేసినచో 6,000 అగును. తీరినంత తగ్గించుకొనుచు, మిగిలిన అసలుమీదనే వేసినచో 3,309 మాత్రమే. రెండును రూపాయి వడ్డీయే! కాబట్టి "ఎంత వడ్డీ" అని మాత్రమే కాక, "దేనిమీద వడ్డీ" అని కూడ అడుగవలెను. అడుగుటకు సిగ్గుపడవద్దు. అప్పు ఇచ్చువాడు మన జీతమెంతో అడుగుటకు సిగ్గుపడుట లేదు గదా.

ఇప్పుడు పెద్ద అప్పులు. ముద్రా రుణములు 2015 ఏప్రిలు 8న మొదలైనవి. శిశు అనునది 50,000 వరకు, కిశోర్ 5 లక్షల వరకు, తరుణ్ 10 లక్షల వరకు. వీటికి ఆస్తి తాకట్టు అవసరము లేదు, అయితే సబ్సిడీయు లేదు. సబ్సిడీతో కూడినది 2008లో వచ్చిన ప్రధానమంత్రి ఉపాధి కల్పన పథకము. ఖాదీ కమీషను, ఖాదీ బోర్డు, జిల్లా పరిశ్రమల కేంద్రము ద్వారా దీనిని నడిపిరి. గ్రామములలో సామాన్య వర్గమునకు 25 శాతము, ప్రత్యేక వర్గములకు 35 శాతము. ఇక్కడ మన సంఘములవారు జాగ్రత్తగా వినవలెను. ఆ ప్రత్యేక వర్గములలో షెడ్యూల్డు కులములవారే కాక వెనుకబడిన తరగతులవారు, మైనారిటీలు, స్త్రీలు కూడ ఉన్నారు. ఎక్కువ సబ్సిడీ కొరకు దరఖాస్తులో తన విశ్వాసమును దాచవలెనేమోనని ఒక యౌవనుడు రాత్రివేళ నాయొద్దకు వచ్చి చాలసేపు తల వంచుకొని కూర్చుండెను. ఈ పథకములో ఆ అవసరమే లేదు. ఉన్నది ఉన్నట్లు వ్రాసినను అదే 35 శాతము. అన్ని పథకములు ఇట్లుండవు, అందులోని వేదన వేరొక ప్రసంగము.

ఈ పథకమును ఒక కారం మరకు అన్వయించి చూచెదము. యంత్రము, షెడ్డు, కరెంటు అన్నియు కలిపి 6 లక్షలనుకొనుడి. మన వంతు 5 శాతము, 30,000. సబ్సిడీ 2,10,000. ఈ రెండు లక్షల పదివేలు మన చేతికి రావు. బ్యాంకులోనే మన పేర మూడు సంవత్సరములు డిపాజిటుగా ఉండి, వ్యాపారము నిజముగా నడుచుచున్నదని తనిఖీ చేసిన తరువాత అప్పులో జమయగును. గేదె కథ నుండి ప్రభుత్వము కూడ కొంత నేర్చుకొన్నదన్నమాట. కాబట్టి "సబ్సిడీ రాగానే నాకు సగమివ్వు, నీ ఫైలు నడిపిస్తాను" అని దళారి అన్నచో, లేని డబ్బులో సగము అడుగుచున్నాడని గ్రహింపుడి. అతనికి ఇచ్చునది మీ అసలులోనిదే.

మిగిలిన అప్పు 3,60,000. అయిదేండ్లకు, నూటికి సంవత్సరమునకు పన్నెండు చొప్పున చూచినచో నెలకు సుమారు 8,000 కట్టవలెను. నెలకు ఇరువది ఆరు రోజులు మర తిరిగినచో రోజుకు 308 రూపాయలు. కిలోకు పది రూపాయలు మర కూలి అనుకొని, అందులో సగము కరెంటుకు, మనిషికి, మరమ్మతుకు పోవుననుకొన్నచో, బ్యాంకు కొరకే రోజుకు అరువదికి పైగా కిలోలు ఆడవలెను. ఇంటి ఖర్చు అటుతరువాత. మిరపకాయ ఏడాది పొడుగునా రాదు. కోతలైన తరువాత వేసవిలో మర దగ్గర వరుస కట్టుదురు. వానకాలములో ఈగలు తోలుకొనుచు కూర్చుండవలెను. వాయిదాకు మాత్రము వానకాలము తెలియదు.

ఇది చెప్పి భయపెట్టుట నా ఉద్దేశము కాదు. మా పాస్టరేటులో ఒక సహోదరి ఈ లెక్కను పెన్సిలుతో క్యాలెండరు వెనుక వేసికొన్నది. బియ్యపు పిండి, రాగి పిండి, పసుపు ఆడు చిన్న రాయి కూడ కావలెనని మొదటి దరఖాస్తులోనే పెట్టించినది. వేసవిలో ఎక్కువ వచ్చిన డబ్బును వానకాలపు వాయిదాలకని పోస్టాఫీసులో వేసినది. మర పెట్టకముందే తమ వీధికి త్రీ ఫేజు లైను ఉన్నదా, రోజుకు ఎన్ని గంటలు వచ్చును అని లైనుమనుని అడిగినది. ఆమె చదివినది ఏడవ తరగతి. నేను వేదాంత పట్టా పొందినవాడను, ఆ మూడవ ప్రశ్న నాకు తోచలేదు.

నాకు తోచకపోవుటవలన జరిగిన నష్టమును కూడ చెప్పవలెను. 2016లో ఒక యౌవనుడు మా ఊరి బస్టాండులో జిరాక్సు, సెల్‌ఫోను రిపేరు దుకాణము పెట్టదలచి ఒక ఫైనాన్సులో అప్పు అడిగెను. జామీను కావలెననిరి. "అయ్యగారూ, మీరు తప్ప నాకెవరున్నారు" అనెను. సంతకము చేసితిని. ప్రార్థన కూడ చేసితిని. లెక్క మాత్రము చూడలేదు. ఏడాది లోపల బైపాసు రోడ్డు వచ్చి బస్సులు ఊరిలోనికి వచ్చుట మానినవి. దుకాణము మూతపడినది. తమ్ముడు ఊరు విడిచిపోయెను. పదకొండు నెలలు నా జీతము నుండి నేను కట్టితిని. నా భార్య నన్ను ఒక్క మాట అనలేదు, అదియే నాకు ఎక్కువ కష్టమైనది. ఆ అబ్బాయి దొంగ కాడు. రెండేండ్ల తరువాత కొంత సొమ్ము పంపించెను. అయితే ఆ బైపాసు సంగతి పంచాయతీలో అందరికి తెలియును. కొలతలు కూడ వేసిరి. నేను గాని, వాడు గాని పంచాయతీ మెట్లెక్కి "ఈ బస్టాండు ఇక్కడే ఉండునా" అని అడుగలేదు.

అందుచేత పంచాయతీని గూర్చి చెప్పకుండ ముగించలేను. ప్రోత్సాహకము అనగానే మనము ఢిల్లీ వైపు, రాజధాని వైపు చూచెదము. 73వ రాజ్యాంగ సవరణ 1993 ఏప్రిలు 24 నుండి అమలులోనికి వచ్చినది. పదకొండవ షెడ్యూలులో పంచాయతీలకు అప్పగించదగిన 29 విషయములు వ్రాసిరి. వాటిలో చిన్న పరిశ్రమలు, గ్రామీణ కుటీర పరిశ్రమలు, సంతలు, మార్కెట్లు ఉన్నవి. కాగితముమీద ఉన్నంత అధికారము, డబ్బు పంచాయతీకి చేరలేదని మీకును తెలుసు, సర్పంచిగారికిని తెలుసు. అయినను పంచాయతీ చేతిలో కొన్ని ఉన్నవి. ఖాళీగా పడియున్న షాపు గదిని న్యాయమైన అద్దెకిచ్చుట, సంతలో బుట్టలమ్ము ఆడవారికి నీడయున్న చోటు చూపుట, కుళాయి, వీధి దీపము, లైసెన్సును తిప్పకుండ ఇచ్చుట. చాలమంది చిన్న వ్యాపారులకు లక్ష రూపాయల అప్పుకంటె వీధి దీపము ఎక్కువ లాభము తెచ్చును. సాయంత్రము ఏడు గంటల తరువాత పునుగులు అమ్ముకొను అమ్మను అడిగి చూడుడి.

ఇంకొక సంగతి. 2023 సెప్టెంబరు 17న విశ్వకర్మ పథకము ఆరంభమైనది. వడ్రంగి, కమ్మరి, కుమ్మరి, చర్మకారుడు, తాపీ మేస్త్రి, మంగలి, చాకలి, దర్జీ, బుట్టలు చాపలు అల్లువారు, వలలు అల్లువారు మొదలైన 18 వృత్తులకు ఇది వర్తించును. శిక్షణ, పనిముట్లకు 15,000, అయిదు శాతము వడ్డీతో మొదట లక్ష, అది సరిగా తీర్చినవారికి రెండవమారు రెండు లక్షలు అని నిర్ణయించిరి. ఇక్కడను ముందు కట్టినవానికే తరువాతి ద్వారము తెరచుకొనును. దరఖాస్తుపై మొదటి పరిశీలన గ్రామ పంచాయతీదే. అనగా సర్పంచిగారు "వీడు నిజముగా చెప్పులు కుట్టువాడే" అని ధ్రువపరచవలెను. గ్రామసభ రోజున మనవారు కూలికి పోవుదురు, లేనియెడల మాలో మేము కూటము పెట్టుకొందుము. ఈ తప్పులో నాకును పాలున్నది. రెండుమార్లు గ్రామసభ రోజుననే ఉపవాస కూటము ప్రకటించితిని. ఇకమీదట తేదీలు పంచాయతీ కార్యదర్శిగారిని అడిగి పెట్టుచున్నాను.

సంఘములు ఏమి చేయవలెనని కార్యదర్శిగారు నన్ను వ్రాయమన్నారు. ఒకటి మాత్రము చెప్పెదను. సంఘపు నిధిలోనుండి వ్యాపారములకు అప్పులివ్వవద్దు. ఇచ్చినచో కట్టలేనివాడు మొదట గుడికి రావడము మానును, అటుతరువాత మనలను చూచి దారి మార్చును. దానికి బదులు ప్రతి సంఘములో లెక్క తెలిసిన ఒక సహోదరిని, ఒక యౌవనుని ఏర్పరచి, అప్పు కాగితముమీద వేలిముద్ర పడకముందు వారి ఎదుట చదివించుడి. తెలుగులో, బిగ్గరగా, వాయిదా మొత్తముతో సహా.

నాకు ఇచ్చిన సమయము దాటినది. భోజనముల గంట కూడ కొట్టుచున్నారు. భోజనమైన తరువాత దక్షిణపు వైపు వేపచెట్టు క్రింద బల్ల వేసికొని కూర్చుండెదను. కాగితములు తెచ్చినవారు రావచ్చును. బ్యాంకు పుస్తకము, పాత అప్పుల అట్టలు అన్నియు తేవలెను, దాచిపెట్టినది కూడ. పెన్సిలు నేను తెచ్చితిని.